మన చేపల పేర్లు విన్న డాక్టరు

బెంజ్ సర్కిల్లో నిలబడితే ఒక దారి బందరుకూ, ఇంకో దారి విశాఖపట్నానికీ పోతుంది. ఆ తీరాల్లో మనవాళ్ళు వలలో పడ్డ చేపను పిలిచే పేర్లు కొన్ని ప్రపంచంలోని జంతుశాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కాయంటే మిత్రులు నమ్మకపోవచ్చు. వాటిని లాటిన్ అనుకుని బట్టీపట్టి ప్రాక్టికల్స్ గట్టెక్కినవాళ్ళు అసలే నమ్మరు! ఇందుకు కారకుడు పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండు వైద్యుడు.

ఆయన 1727 ఫిబ్రవరి 6న ఎడింబరోలో జన్మించాడు. అక్కడే వైద్యం చదివి, 1750లో సిరియాలోని అలెప్పోలో ఉన్న సవతి అన్న అలెగ్జాండర్ దగ్గరకు చేరి, ఆంగ్ల వర్తకుల వైద్యుడిగా సుమారు ఇరవై ఏళ్ళు గడిపాడు. 1760-62 మధ్య అక్కడ ప్లేగు చెలరేగినప్పుడు చూసినదంతా తర్వాత పెద్ద గ్రంథంగా రాశాడు. 1781లో తమ్ముడు క్లాడ్ కంపెనీ అధికారిగా విశాఖపట్నం వస్తుంటే తోడుగా బయలుదేరాడు. అప్పటికి ఆయనకు యాభై నాలుగేళ్ళు. మనవాళ్ళయితే ఆ వయసుకు పింఛను లెక్కలు వేసుకుంటారు.

1785లో కోనిగ్ మరణించాక కంపెనీవారు రస్సెల్ ని తమ ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా నియమించారు. చేయవలసిన పని మొక్కల పరిశీలన. కానీ ఆయన మనసు పాముల మీదికీ, చేపల మీదికీ పోయింది. రేవులో దొరికిన చేపలను తెప్పించి, ఇక్కడి చిత్రకారుడిచేత బొమ్మలు గీయించి, ఒక్కొక్కదాన్నీ జనం ఏమని పిలుస్తారో అడిగి, తన చెవికి వినిపించినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. నల్ల చందువ, తెల్ల చందువ, పాలబొంత, వాలుగ, కానాగంత, పులస - అన్నీ అందులో ఉన్నాయి. యాస కాస్త మారింది, అంతే.

1789లో స్వదేశం వెళ్ళాడు. రెండువందల చేపల గ్రంథం 1803లో లండన్ లో అచ్చయింది. అందులో చేపలకు కొత్త లాటిన్ పేర్లు పెట్టే ప్రయత్నం ఆయన చేయలేదు. తెలుగు పేర్లనే ఉంచాడు. ఇది మనకు మేలూ చేసింది, కీడూ చేసింది. పారిస్ లో కువియే ఆ పుస్తకం చూసి 1816లో కానాగంతకు కానగుర్తా అనే జాతినామం ఇచ్చాడు. అది ఈనాటికీ చెల్లుతోంది. వాలుగ పేరు 1851లో వాలగో అనే ప్రజాతి అయింది. పులస దగ్గరే దెబ్బ తిన్నాం. కువియే దాన్ని 1829లో పలాసా అన్నాడు గాని, హామిల్టన్ 1822లోనే గంగానది చేపల గ్రంథంలో బెంగాలీ మాట పట్టుకుని దానికి ఇలిషా అని పేరు పెట్టేశాడు. మొదటి పేరే నిలవాలన్నది శాస్త్రంలో నియమం. రస్సెల్ పుస్తకం అంతకు పందొమ్మిదేళ్ళు ముందుదే అయినా, రెండు మాటల శాస్త్రనామం లేదు గనుక లెక్కలోకి రాలేదు. గోదావరి పులుసు తిన్నవాడికి ఇది మింగుడుపడే విషయమా? ఆమాటకొస్తే మన కొల్లేటి చెరువుల్లో పెంచే బొచ్చెకు కట్లా అన్న పేరు కూడా బెంగాలీదే.

పాముల్లో మాత్రం మనమే గెలిచాం. 1796లో వచ్చిన ఆయన సర్పగ్రంథంలోని బంగారు పాము పేరుమీదనే 1803లో ఫ్రాన్సులో దోదాఁ అనే శాస్త్రజ్ఞుడు బంగారస్ ప్రజాతిని ఏర్పరచాడు. మన కట్లపాము కూడా ఆ కుటుంబంలోదే. కానాగంత శాస్త్రనామం పక్కన కువియే పేరే అచ్చవుతుంది. రస్సెల్ పేరు 1797లో రక్తపింజరికి పెట్టారు.

ఆయన పెళ్ళి చేసుకోలేదు. 1805 జూలై 2న లండన్ లో కన్నుమూసేటప్పటికి పాముల రెండో సంపుటం ఇంకా పూర్తి కాలేదు. మిగతా భాగాలు 1809 దాకా అచ్చవుతూనే ఉన్నాయి.