లూయీ ప్రీమా

లూయీ ప్రీమా (1910 డిసెంబరు 7 - 1978 ఆగస్టు 24) అమెరికాకు చెందిన గాయకుడు, ట్రంపెట్ వాద్యకారుడు, స్వరకర్త, వాద్యబృంద నాయకుడు. న్యూ ఆర్లియన్స్ జాజ్ సంగీతంతో తన ప్రస్థానాన్ని ప్రారంభించి, స్వింగ్ యుగంలో పెద్ద వాద్యబృందాన్ని నడిపి, చివరకు లాస్ వేగాస్ నగరంలోని కాసినో లాంజ్ గాయకునిగా విశేషఖ్యాతి పొందాడు. కాసినో లాంజ్ సంగీతం అనగానే అమెరికన్లకు ముందుగా గుర్తుకు వచ్చే పేర్లలో ఇతని పేరు ఒకటి. అయితే ఆ ఖ్యాతి ఇతనికి సులువుగా దక్కినది కాదు. లాస్ వేగాస్ చేరేనాటికి ఇతని వయసు దాదాపు 44 సంవత్సరాలు. అప్పటికి ఇతని కాలం గడిచిపోయిందని సంగీత వ్యాపారవర్గాలు భావిస్తున్నాయి.

బాల్యము, కుటుంబము

ప్రీమా లూసియానా రాష్ట్రంలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో సిసిలీ మూలాలు కలిగిన ఇటాలియన్ కుటుంబంలో జన్మించాడు. తండ్రి ఆంథొనీ శీతల పానీయాల పంపిణీ వ్యాపారం చేసేవాడు. తల్లి ఏంజెలీనా సిసిలీ సమీపంలోని ఊస్టికా ద్వీపం నుండి పసితనంలోనే అమెరికా వచ్చింది. ఆమెకు సంగీతమంటే అమితమైన ఇష్టం. పిల్లలలో ప్రతి ఒక్కరూ ఏదో ఒక వాద్యం నేర్చుకోవాలన్నది ఆమె నియమం. ఆ విధంగా లూయీకి మొదట వయొలిన్ శిక్షణ లభించింది.

ఆనాటి న్యూ ఆర్లియన్స్‌లో సిసిలీ వలసదారుల స్థితి అంత గౌరవప్రదంగా లేదు. 1891లో నగర పోలీసు అధిపతి హత్య కేసు విచారణ ముగిసిన తరువాత, ఒక అల్లరిమూక చెరసాలపై దాడి చేసి 11 మంది ఇటాలియన్లను చంపివేసింది. ప్రీమా పుట్టేనాటికి ఆ సంఘటన జరిగి రెండు దశాబ్దాలు కూడా కాలేదు. అయితే సిసిలీ కుటుంబాలు, నల్లజాతి కుటుంబాలు ఇరుగుపొరుగున నివసించిన ఆ నగరంలోనే జాజ్ సంగీతం రూపుదిద్దుకొన్నది. అదే నగరంలో 1901లో జన్మించిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రభావం ప్రీమా ట్రంపెట్ వాదనపైనా, బొంగురు గొంతుతో పాడే తీరుపైనా చివరివరకు కనిపిస్తుంది.

తొలి కచేరీలు

లూయీ అన్న లియాన్ కూడా సంగీతకారుడే. 1920ల నడుమ అన్న ఊరు విడిచి వెళ్ళినపుడు ఇంట్లో మిగిలిన పాత కార్నెట్‌ను లూయీ చేతబట్టి సాధన చేశాడు. పాఠశాల రోజులలోనే వయొలిన్ వెనుకబడి, ట్రంపెట్ ఇతని ప్రధాన వాద్యమైనది. చదువు పూర్తిచేయకుండానే వృత్తిలో ప్రవేశించి, స్థానిక క్లబ్బులలోను, శాంగర్ నాటకశాలలోను వాయించాడు. శాంగర్ వేదికపై వాద్యంతోపాటు హాస్యం, అభినయం కూడా అవసరమయ్యేవి. ప్రేక్షకులను నవ్విస్తూ పాడే నేర్పు ఇతనికి ఇక్కడే అబ్బినది.

న్యూయార్క్ ప్రయాణము

1934లో మార్డీ గ్రా ఉత్సవాల సమయంలో న్యూ ఆర్లియన్స్ వచ్చిన ప్రముఖ బృందనాయకుడు గై లొంబార్డో ప్రీమా కచేరీ విని, న్యూయార్క్ రమ్మని ప్రోత్సహించాడు. అన్నను, తల్లిని, ఊరిని వదలి ప్రీమా బయలుదేరాడు. అయితే న్యూయార్క్‌లో లొంబార్డో సిఫారసు చేసిన క్లబ్బు యజమాని ఇతనిని తీసుకొనుటకు నిరాకరించాడు. ప్రీమా చామనచాయ శరీరాన్ని చూసి నల్లజాతివాడని పొరబడడమే అందుకు కారణమని లొంబార్డో తరువాతి కాలంలో వివరించాడు. శ్వేతజాతి వారికి మాత్రమే పరిమితమైన క్లబ్బులలో వర్ణవివక్ష ఎంత బలంగా ఉండేదో ఈ ఉదంతం తెలుపుతుంది.

అదే సంవత్సరం ప్రీమా న్యూ ఆర్లియన్స్ గ్యాంగ్ అనే చిన్న బృందాన్ని ఏర్పరచి బ్రన్స్‌విక్ సంస్థకు రికార్డులు ఇవ్వడం మొదలుపెట్టాడు. 1935లో 52వ వీధిలో ఫేమస్ డోర్ అనే చిన్న క్లబ్బు ప్రారంభమైనపుడు అందులో వాయించే అవకాశం లభించింది. క్లారినెట్ వాద్యకారుడు పీ వీ రస్సెల్ ఇతని బృందంలో ఉండేవాడు. ఆ క్లబ్బుకు జనం విరగబడి వచ్చారు. తరువాతి కాలంలో జాజ్ క్లబ్బులకు నిలయంగా 52వ వీధి పేరుపొందడానికి ప్రీమా కచేరీలు కూడా దోహదం చేశాయి. ఇదే సంవత్సరం చివర ఇతడు లాస్ ఏంజెలిస్ వెళ్ళి, అక్కడ కూడా అదే పేరుతో క్లబ్బు నడిపాడు. 1936లో బింగ్ క్రాస్బీ కథానాయకునిగా వచ్చిన రిథమ్ ఆన్ ది రేంజ్ చిత్రంలో కనిపించాడు.

సింగ్, సింగ్, సింగ్

ప్రీమా రచించి, స్వరపరచి 1936లో రికార్డు చేసిన సింగ్, సింగ్, సింగ్ పాట స్వింగ్ యుగానికే గుర్తుగా నిలిచింది. 1937లో బెన్నీ గుడ్‌మన్ బృందం దీనిని మాటలు లేని వాద్యరచనగా విస్తరించి, 12 అంగుళాల డిస్కు రెండు వైపులా నిండేలా రికార్డు చేసింది. జీన్ క్రూపా డ్రమ్స్ వాదన దీనికి ఆయువుపట్టు. 1938 జనవరి 16న కార్నెగీ హాలులో జరిగిన గుడ్‌మన్ కచేరీతో దీని ఖ్యాతి మరింత పెరిగింది. కానీ కీర్తిలో ఎక్కువ భాగం గుడ్‌మన్‌కే దక్కింది. ఈ రచనను వినే చాలామందికి అసలు కర్త ప్రీమా అని నేటికీ తెలియదు.

యుద్ధకాలము

రెండవ ప్రపంచయుద్ధంలో ఇటలీ అమెరికాకు శత్రుదేశమైనది. పౌరసత్వం లేని దాదాపు 6 లక్షలమంది ఇటాలియన్లను అమెరికా ప్రభుత్వం శత్రుదేశీయులుగా ప్రకటించి, 1942 అక్టోబరులో ఆ ఆంక్షను తొలగించింది. ఇటాలియన్ భాష బహిరంగంగా మాట్లాడడానికే జనం జంకిన రోజులవి. అటువంటి సమయంలో ప్రీమా తన పెద్ద వాద్యబృందంతో ఇటాలియన్ పదాలు, వంటకాల పేర్లు కలగలిపిన హాస్యగీతాలు పాడాడు. వాటిలో తన తల్లి పేరు గల ఏంజెలీనా (1944) ముఖ్యమైనది. వలస కుటుంబాల పిల్లలు సిగ్గుపడి దాచుకొన్న యాసను ఇతడు వేదికపై నవ్వుగా, గర్వంగా మలిచాడు. హార్లెమ్‌లోని అపోలో వంటి నల్లజాతి ప్రేక్షకుల నాటకశాలలలోను ఇతనికి ఆదరణ లభించింది.

కీలీ స్మిత్ రాక

1948లో వర్జీనియా రాష్ట్రానికి చెందిన కీలీ స్మిత్ అనే యువగాయని బృందంలో చేరింది. ప్రీమా గెంతులు వేస్తూ, అరుస్తూ పాడుతుండగా ఆమె ముఖంలో ఏ భావమూ లేకుండా నిశ్చలంగా నిలబడేది. ఈ వైరుధ్యమే వారి హాస్యానికి మూలం. 1953లో వారిద్దరూ వివాహం చేసుకొన్నారు. ఇది ప్రీమాకు నాల్గవ వివాహం.

అప్పటికి పెద్ద వాద్యబృందాల కాలం ముగిసింది. పదిహేను, ఇరవై మంది వాద్యకారులకు జీతాలు, ప్రయాణఖర్చులు భరించడం ఎవరికీ సాధ్యం కాలేదు. ప్రీమా తన బృందాన్ని రద్దు చేసి, భార్యతో చిన్న చిన్న క్లబ్బులలో పాడవలసి వచ్చింది. 1954లో కీలీ గర్భవతి. స్థిరమైన ఆదాయం అత్యవసరమైనది. ఈ స్థితిలో ప్రీమా లాస్ వేగాస్‌లోని సహారా హోటల్ కార్యక్రమాల నిర్వాహకుడు బిల్ మిల్లర్‌ను అవకాశం కోరాడు. మిల్లర్ ఇవ్వగలిగినది హోటల్‌లోని కాస్‌బార్ లాంజ్‌లో రెండు వారాల ఒప్పందం మాత్రమే.

కాసినో లాంజ్ అనగా

కాసినో హోటళ్ళలో రెండు రకాల వేదికలు ఉండేవి. విందుతో కూడిన పెద్ద ప్రదర్శనశాలలో పేరుపొందిన తారలు పాడేవారు. లాంజ్ అనేది జూదశాలను ఆనుకొని ఉండే చిన్న పానశాల. ఇక్కడ ప్రవేశ రుసుము లేదు, పానీయాల ధర చెల్లిస్తే చాలు. జూదరులు విశ్రాంతి కోసం బయటకు వెళ్ళిపోకుండా, మరల బల్లల వద్దకు చేరేలా చూడడమే లాంజ్ ఉద్దేశం. శ్రోతలు వస్తూ పోతూ ఉండేవారు, చుట్టూ జూదపు యంత్రాల రొద. పెద్ద వేదికలు చూసిన కళాకారునికి లాంజ్‌లో పాడడం ఒక మెట్టు దిగడమే.

సహారా హోటల్‌లో విజయము

ప్రీమా దంపతులు 1954 నవంబరులో కాస్‌బార్‌లో పాడడం ప్రారంభించారు. బృందానికి మరింత బలం కావాలని గ్రహించిన ప్రీమా, న్యూ ఆర్లియన్స్ నుండి శాక్సఫోన్ వాద్యకారుడు శామ్ బుటేరాను పిలిపించాడు. డిసెంబరు చివర బుటేరా తన తోటివారితో వచ్చి చేరాడు. ఈ బృందానికే విట్నెసెస్ అని పేరు వచ్చింది. అర్ధరాత్రి మొదలు తెల్లవారుజాము వరకు రాత్రికి ఐదు ప్రదర్శనలు ఇచ్చేవారు. న్యూ ఆర్లియన్స్ జాజ్, ఇటాలియన్ హాస్యం, అప్పుడే వస్తున్న రాక్ అండ్ రోల్ లయ కలిసిన ఈ సంగీతం జూదరులను ఆపి నిలబెట్టింది. పెద్ద ప్రదర్శనశాలలలో పాడే తారలు సైతం తమ పని ముగిశాక కాస్‌బార్‌కు వచ్చి కూర్చునేవారు. రెండు వారాల ఒప్పందం సంవత్సరాల తరబడి సాగింది.

కాపిటల్ సంస్థ 1956లో రికార్డు చేసిన ది వైల్డెస్ట్ ఆల్బమ్ ఈ ఉత్సాహాన్ని దేశమంతటికీ చేర్చింది. 1959లో జరిగిన మొట్టమొదటి గ్రామీ పురస్కారాల ప్రదానంలో దట్ ఓల్డ్ బ్లాక్ మ్యాజిక్ పాటకు ప్రీమా, కీలీలకు బృందగాన పురస్కారం లభించింది.

తరువాతి జీవితము

1961లో దంపతులు విడిపోయారు. బుటేరాతో కలిసి ప్రీమా కచేరీలు కొనసాగించాడు. 1967లో వాల్ట్ డిస్నీ సంస్థ విడుదల చేసిన ది జంగిల్ బుక్ చిత్రంలో కింగ్ లూయీ అనే ఒరాంగుటాన్ పాత్రకు గాత్రం అందించాడు. భారతదేశపు అడవుల నేపథ్యంలో కిప్లింగ్ రచించిన మూలకథలో ఈ పాత్ర లేదు, అక్కడి కోతులకు రాజే లేడు. ఒరాంగుటాన్లు మన దేశపు అడవులలో ఉండవు కూడా. మన దేశంలో చాలామంది, పేరు తెలియకుండానే, ప్రీమా గొంతు విన్నది ఈ చిత్రంలోనే.

1975లో మెదడు కాండంలోని కణితికి శస్త్రచికిత్స జరిగిన తరువాత ప్రీమా అపస్మారక స్థితిలోకి వెళ్ళి, మరల కోలుకోలేదు. దాదాపు మూడు సంవత్సరాల అనంతరం 1978 ఆగస్టు 24న న్యూ ఆర్లియన్స్‌లో మరణించాడు. అక్కడి మెటెయిరీ శ్మశానవాటికలో ఇతని సమాధిపై ట్రంపెట్ ఊదుతున్న గాబ్రియేల్ దేవదూత విగ్రహం ఉంది.

ప్రాముఖ్యము

ప్రీమాను జాజ్ విమర్శకులలో కొందరు గంభీరమైన కళాకారునిగా పరిగణించలేదు. వేదికపై హాస్యం ఎక్కువని వారి ఆక్షేపణ. కానీ చిన్న క్లబ్బు, పెద్ద వాద్యబృందం, కాసినో లాంజ్ అనే మూడు వేరువేరు రంగాలలో శ్రోతలను మెప్పించినవారు అరుదు. తారలకు తగదనుకొన్న లాంజ్ వేదికకు స్వంత గౌరవం తెచ్చిపెట్టడం ఇతని ముఖ్యమైన సాధన. శామ్ బుటేరా 2009లోను, కీలీ స్మిత్ 2017లోను మరణించారు. 2011లో మూతపడిన సహారా, వేరొక పేరుతో 2014లో తెరుచుకొని, 2019లో తిరిగి పాత పేరును స్వీకరించింది.