మేడమ్ వాకర్

అమెరికా సంయుక్త రాష్ట్రములలో దక్షిణ దిక్కున లూయిసియానా యను రాష్ట్రము కలదు. ఆ రాష్ట్రపు ఈశాన్య భాగమున, మిసిసిపీ మహానది ఒడ్డున, డెల్టా యను చిన్న గ్రామమున్నది. చుట్టును ఒండ్రునేలలు, కనుచూపు మేర ప్రత్తిచేలు. ఆ చేలలో తరతరములుగా చాకిరి చేసినవారు ఆఫ్రికా ఖండమునుండి కొనితేబడిన నల్లజాతి బానిసలు. 1865వ సంవత్సరమున అమెరికాలో బానిసత్వము చట్టరీత్యా రద్దయ్యెను. ఆ తరువాత రెండేండ్లకు, 1867 డిసెంబరు 23వ తేదీన, ఓవెన్ బ్రీడ్లవ్, మినర్వా అను దంపతులకు ఆ గ్రామమున ఒక ఆడుశిశువు జన్మించెను. తల్లిదండ్రులును, అన్నలును, అక్కయు బానిసలుగా పుట్టినవారే. ఆ కుటుంబమున స్వతంత్రురాలుగా పుట్టిన మొదటి బిడ్డ ఈమెయే. ఆమెకు సారా అని పేరిడిరి.

స్వాతంత్ర్యము వచ్చెనే కాని దానితోపాటు అన్నము రాలేదు. పూర్వపు యజమాని పొలముననే ఆ కుటుంబము పాలునకు సేద్యము చేసికొని బ్రతుకవలసి వచ్చెను. సారాకు ఏడేండ్లు వచ్చునప్పటికి తల్లియు తండ్రియు గతించిరి. దిక్కులేని ఆ పిల్ల అక్క పంచను చేరెను. కొంతకాలమునకు అక్కతో కూడ నదిని దాటి విక్స్‌బర్గ్ పట్టణమునకు పోయెను. బావ క్రూరుడు. ఆ యింటి బాధ పడలేక సారా పదునాలుగవ యేటనే మోజెస్ మెక్‌విలియమ్స్ అనువానిని వివాహమాడెను. 1885లో వారికి లీలియా యను కుమార్తె కలిగెను. ఆ పసిపాపకు రెండేండ్లు నిండీ నిండకముందే భర్త మరణించెను. అప్పటికి సారాకు ఇరువదేండ్లు.

ఆమె జీవితము మొత్తములో బడిలో కూర్చుండిన కాలము మూడు నెలలకు మించలేదు. పలకా బలపము పట్టవలసిన వయస్సున ఆమె ప్రత్తి ఏరినది. ఈ లోపము ఆమెను చిరకాలము బాధించెను.

సెయింట్ లూయీ నగరమున ఆమె అన్నలు క్షురకవృత్తితో జీవించుచుండిరి. సారా బిడ్డను చంక నిడుకొని అచ్చటికి చేరి, బట్టలుతుకు పనికి పూనుకొనెను. ఆనాడు బట్టలుతుకుట యనగా మీట నొక్కిన తిరుగు యంత్రముల పని కాదు. తెల్లవారక మున్నే నీళ్లు మోసి తెచ్చి కాగులలో మరగింపవలెను. క్షారము ఘాటుగా నుండు సబ్బుతో బట్టలను గాడులు గల పలకమీద రుద్ది, జాడించి, పిండి, గంజి పెట్టి, ఆరవేసి, ఇనుప ఇస్త్రీపెట్టెలను పొయ్యిమీద కాచి మడతలు తీర్పవలెను. నీరు పీల్చిన దుప్పటి బరువెంతయో పిండినవారికే తెలియును. ఇంత చేసినను దినమునకు ఒకటిన్నర డాలరు వచ్చుట గగనము. పదునెనిమిది సంవత్సరములు ఆమె ఈ పనిలోనే గడపెను. ఆ సొమ్ములోనే మిగిల్చి కూతురును బడికి పంపెను. పిదప టెన్నెసీ రాష్ట్రములోని నాక్స్‌విల్ కళాశాలకును పంపెను. చిన్నతనమున తనకు దక్కని చదువును తొట్టిలోని మురికి నీళ్లనుండి కూతురునకు సంపాదించి ఇచ్చిన ఆ తల్లి ఓర్మి, ఆమె తరువాత గడించిన ధనరాశి కంటె గొప్పదని నాకు తోచుచుండును.

ఒకనాడు ఆమె తొట్టిమీదికి వంగి, నురుగులో మునిగిన తన చేతులను చూచుకొనెను. వయస్సు మీరి నడుము వంగిన నాడు తన గతి యేమి, అప్పుడు తన్ను పోషించువారెవరు అను ప్రశ్న ఆమెకు కలిగెను. సమాధానము దొరకలేదు. ఈ సంగతి తరువాతి కాలమున ఆమెయే చెప్పుకొనెను.

అప్పటికే మరియొక దుఃఖము కూడ ప్రాప్తించెను. ఆమె తలవెండ్రుకలు కుచ్చులు కుచ్చులుగా రాలిపోసాగెను. ఈ బాధ ఆమె కొక్కతెకే కాదు. ఆనాటి పేద స్త్రీలలో అనేకులకుండెను. వారి ఇండ్లలో నీటి కొళాయిలు లేవు. చలి దేశమగుటచే తలంటుకొనుట ఒక గండము. నెల కొక్కసారి మాత్రమే తలంటుకొనువారు పెక్కురు. చుండ్రు పేరుకొని తలచర్మము పుండ్లు పడుచుండెను. పుష్టిలేని తిండి, ఎడతెగని దిగులు, ఘాటు సబ్బులు ఇందుకు తోడయ్యెను. వారమున కొకనాడు నూనె పట్టించి కుంకుడురసముతో తల రుద్దిన అమ్మమ్మల చేతులలో పెరిగిన మనకు ఇది వింతగా తోచవచ్చును. నీటిసౌకర్యము, తీరిక యున్నచోట మాత్రమే అట్టి ఆచారములు నిలుచును.

ఆ నగరముననే ఆనీ టర్న్‌బో అను మరియొక నల్లజాతి వనిత తలకు పూయు ఒక మందును తయారుచేసి అమ్ముచుండెను. సారా దానిని వాడి చూచి, కొంతకాలము ఆమె తరఫున ఇంటింట తిరిగి అమ్మెను. 1905లో ఆమె డెన్వర్ నగరమునకు తరలిపోయెను. గతించిన అన్నగారి భార్య, పిల్లలు అచ్చట నుండిరి. రైలు దిగునప్పటికి ఆమె చేత నున్న సొమ్ము రెండు డాలర్లకు తక్కువయే. ఒకరి యింట వంటపనికి కుదురుకొనెను. ఆ యజమాని మందుల వ్యాపారి యని కొందరు చెప్పుదురు. పని లేని వేళలందు తన చిన్న గదిలో తానే ఒక లేపనమును కలుపుట ప్రారంభించెను. గంధకము, మైనము, వాసలైను, కొంచెము సువాసన ద్రవ్యము అందులోని ముఖ్య వస్తువులు. తలను తరచుగా కడిగి, ఆరబెట్టి, ఈ లేపనమును మర్దించినచో చుండ్రు తగ్గి, పుండ్లు మాని, వెండ్రుకలు మరల మొలచుచుండెను. ముందు తన తలమీదనే పరీక్షించుకొని, పిదప ఇరుగుపొరుగు వారికి పూసి చూచెను.

ఇచ్చట ఒక విషయము చెప్పవలసి యున్నది. ఆ మందు తనకు కలలో తెలుపబడెనని ఆమె కొనువారికి చెప్పుచుండెడిది. టర్న్‌బో మాత్రము అది తన మందునకు అనుకరణమని ఆరోపించెను. గంధకపు లేపనములు అంతకు పూర్వమే వైద్యులకు తెలిసినవి. కావున సారాను క్రొత్త మందును కనుగొనిన శాస్త్రజ్ఞురాలుగా భావింపరాదు. ఇనుప దువ్వెనను వేడిచేసి జుట్టును సాపు చేయు పద్ధతిని ఆమెయే కనిపెట్టెనని వ్రాయువారును కలరు. అదియు నిజము కాదు. ఆమె కనిపెట్టినది వేరు. అది ముందు తెలియగలదు.

1906 జనవరిలో ఆమె చార్లెస్ జోసఫ్ వాకర్ అను ఆయనను పెండ్లాడెను. పత్రికల వ్యవహారము తెలిసిన ఆయన ప్రకటనలు వ్రాయుటలో తోడ్పడెను. నాటినుండి మందుడబ్బీల మీద మేడమ్ సి. జె. వాకర్ అను పేరు అచ్చుపడెను. ఈ పేరులో ఒక అభిమానము కలదు. ఆ కాలమున తెల్లవారు నల్లజాతి స్త్రీని, ఆమె ఎంతటి వృద్ధురాలైనను, పేరుపెట్టియే పిలుచుచుండిరి. శ్రీమతి యను గౌరవవాచకము వాడుటకు వారికి నోరు రాదు. ఇకమీదట ఆమె సరకు కొనువారు, అమ్మువారు, ఉత్తరములు వ్రాయువారు అందరును మేడమ్ అని తీరవలసి వచ్చెను.

డెన్వర్‌లో నల్లజాతివారు కొద్దిమందియే. అందుచే కూతురును పిలిపించి, తపాలాలో వచ్చు గిరాకీని చూచు భారము ఆమెకప్పగించి, మేడమ్ వాకర్ భర్తతో కూడ దక్షిణ రాష్ట్రములకు బయలుదేరెను. ఏ ఊరికి పోయినను చర్చిలలోను ఇండ్లలోను స్త్రీలను సమావేశపరచి, ఒకరి తలను తానే స్వయముగా కడిగి, మందు పూసి చూపెడిది. మందు డబ్బీ వెల అర్ధడాలరు. పని చురుకుగా నేర్చుకొను స్త్రీ యెవరైన కనబడినచో ఆమెనే ఆ ఊరిలో ప్రతినిధిగా నియమించి, మరియొక ఊరికి సాగెడిది.

ఆమె కనిపెట్టినది ఇదియే. నల్లజాతి స్త్రీకి ఆనాడు మూడే దారులు: ప్రత్తిచేను, పరుల వంటయిల్లు, బట్టలతొట్టి. నాలుగవ దారి నామె తెరచెను. ఆమెవద్ద నేర్చిన స్త్రీ తన యింటిలోనే ఒక గదిని శుభ్రపరచుకొని, పొరుగు స్త్రీలకు తలంటి, మందు పూసి, డబ్బీలమ్మి, ఆ సంపాదనతో అద్దె చెల్లించి, పిల్లలను చదివించుకొనగలదు. 1908లో పిట్స్‌బర్గ్ నగరమున ఈ విద్య నేర్పుటకు తన కూతురు పేర లీలియా కళాశాలను స్థాపించెను. 1910లో ఇండియానాపొలిస్ చేరెను. అనేక రైలు మార్గములు కలియు ఆ నగరమునుండి సరకు పంపుట సులభము. అచ్చట ఒక యిల్లు కొని, ఆ యింటి వెనుకనే ఫ్యాక్టరీ కట్టించెను. తలమందులే కాక తామర మున్నగు చర్మవ్యాధులకు లేపనము కూడ తయారయ్యెడిది. పిదప ముఖమునకు పూయు క్రీములు, పౌడర్లు వెలువడెను. ఆమె జీవితాంతమునకు ఆ సంస్థ శిక్షణ యొసగిన స్త్రీలు సుమారు 20,000 మందియని ఆ సంస్థ చెప్పుకొనెను.

ఫ్యాక్టరీలో పనిచూచు వారిలో పూర్వము ఉపాధ్యాయినిగా నుండిన ఒక స్త్రీ యుండెను. వేలకొలది డాలర్ల వ్యాపారము చేయు యజమానురాలు ఆమెయొద్ద విద్యార్థినివలె కూర్చుండి, వ్రాతయు మాటతీరును దిద్దుకొనెను. చిన్ననాడు పోయిన బడిని నలువదేండ్లు దాటిన పిదప ఆమె ఈ విధముగా తిరిగి రప్పించుకొనెను. వ్యాపారమును ఇంకను విస్తరింపజేయవలయునని ఆమె, చాలునని భర్త. ఈ భేదము పెరిగి 1912లో వారు విడిపోయిరి. అయినను వాకర్ అను పేరును ఆమె విడువలేదు.

ఆ సంవత్సరముననే షికాగోలో నల్లజాతి వర్తకుల మహాసభ జరిగెను. బుకర్ టి. వాషింగ్టన్ దానికి అధ్యక్షుడు. బానిసగా పుట్టి టస్కీజీ విద్యాలయమును నెలకొల్పిన ఆ మహనీయుని చరిత్ర మీలో కొందరు చదివియే యుందురు. కేశసంస్కారపు మందులమ్మువారనిన ఆయనకు చులకన. నల్లవారు తెల్లవారివలె కనబడ జూచుటకు అవి ప్రోత్సాహకములని ఆయన అభిప్రాయము. ఈ విమర్శ పూర్తిగా నిరాధారమైనది కాదు. వేడి దువ్వెన ఆమె పద్ధతిలోను ఉండెను. కాని తన ప్రధానోద్దేశము తలచర్మమును ఆరోగ్యముగా నుంచుటయేయని మేడమ్ వాకర్ వాదించుచుండెను. సభలో మాటలాడుటకు ఆమె అవకాశము కోరెను. ఒక పత్రికాధిపతి ఆమె తరఫున లేచి అడిగెను. అధ్యక్షుడు వినిపించుకొనలేదు. దినములు గడచుచుండెను; పురుషులు ఒకరి తరువాత ఒకరు తమ విజయములను చెప్పుకొనుచుండిరి. కడపటి దినమున ఆమె పిలువకయే తన స్థానమున నిలుచుండి మాటలాడ మొదలిడెను. తాను ప్రత్తిచేనునుండి తొట్టికిని, తొట్టినుండి వంటయింటికిని, అచ్చటినుండి స్వంత వ్యాపారమునకును వచ్చిన తీరును, తన నేలమీద తాను కట్టిన ఫ్యాక్టరీని గూర్చియు సభవారికి వివరించెను. సభ ఆసక్తితో ఆలకించెను. అధ్యక్షుడు ఒక్క మాటయైన పలుకక తరువాతి కార్యక్రమమునకు పోయెను.

అంతకు ముందు సంవత్సరము ఆమె ఇండియానాపొలిస్‌లో నల్లజాతి యువకుల సంఘభవనమునకు వేయి డాలర్లు వాగ్దానము చేసియుండెను. 1913 జులైలో ఆ భవన ప్రారంభోత్సవమునకు వచ్చిన వాషింగ్టన్ ఆమె యింటనే అతిథిగా బస చేసెను. ఆ యేడు ఫిలడెల్ఫియాలో జరిగిన వర్తకసభలో ఆయనయే ఆమెను ప్రసంగింప ఆహ్వానించెను.

1916లో ఆమె న్యూయార్క్ నగరమున హార్లెమ్‌లో నివాసమేర్పరచుకొనెను. మరుసటి సంవత్సరము జులైలో ఈస్ట్ సెయింట్ లూయీ పట్టణమున తెల్లవారి మూకలు నల్లజాతివారిని అనేకులను చంపి, వారి ఇండ్లు తగులబెట్టిరి. ఆ పట్టణము ఆమె బట్టలుతికిన నగరమునకు నదికి ఆవలి యొడ్డుననే యున్నది. న్యూయార్క్ వీధులలో వేలకొలది నల్లజాతివారు నోరు మెదపక నడిచి తమ నిరసనమును తెలిపిరి. పిదప మేడమ్ వాకర్ హార్లెమ్ పెద్దలతో కూడ వాషింగ్టన్ నగరమున అధ్యక్షభవనమునకు పోయెను. అధ్యక్షుడు విల్సన్ వారికి దర్శనమీయలేదు. ఆ సంవత్సరముననే ఫిలడెల్ఫియాలో ఆమె ప్రతినిధులైన స్త్రీలు రెండువందల మందికి పైగా సభ జరిపిరి. ఎక్కువ సరకు అమ్మిన వారికే కాక, తమ ఊరి దానధర్మములకు ఎక్కువ యిచ్చిన శాఖలకును ఆమె బహుమతు లొసగెను. మూకహత్యలను అరికట్టుమని కోరుచు ఆ సభనుండి విల్సన్‌కు తంతి పంపబడెను.

1918లో హడ్సన్ నదీతీరమున ఆమె ఒక గొప్ప భవనము కట్టించుకొనెను. వర్ట్‌నర్ టాండీ యను నల్లజాతి శిల్పి దానిని నిర్మించెను. అందు సుఖముగా నుండుటకు ఆయువు చాలలేదు. మూత్రపిండముల వ్యాధియు రక్తపుపోటును ముదిరెను. విశ్రాంతి కైకొనుమని వైద్యులు చెప్పినను ప్రయాణములు మానలేదు. 1919 మే 25వ తేదీన తన యేబదియొకటవ యేట ఆమె ఆ భవనముననే కన్నుమూసెను. పత్రికలు ఆమెను కోటీశ్వరురాలనుచు వర్ణించెను. లెక్క చూడగా ఆస్తి పది లక్షల డాలర్లకు చేరలేదు. మరణమునకు కొలదిదినముల ముందు మూకహత్యల నిరోధమునకై 5,000 డాలర్లు వాగ్దానము చేసియుండెను. సంస్థకు భావికాలమున వచ్చు నికరలాభములో మూడింట రెండు వంతులు ధర్మకార్యములకు చెందవలెననియు, సంస్థకు ఎల్లప్పుడును స్త్రీయే అధ్యక్షురాలుగా నుండవలెననియు ఆమె వీలునామా.

ఇండియానాపొలిస్‌లో నున్నప్పుడు ఆమె ఒకనాడు సినిమా చూడ పోయెను. టిక్కెట్టు వెల పది సెంట్లు. నల్లవారు ఇరువదియైదు సెంట్లు చెల్లింపవలెనని అచ్చటివారు చెప్పిరి. ఆమె తిరిగి వచ్చి, ఆ యజమానులపై దావా వేయించి, తమవారికి తామే ఒక నాటకశాల కట్టుకొనవలయునని తలచెను. ఆ తలపు ఆమె బ్రతికియుండగా నెరవేరలేదు. కుమార్తె కాలమున, 1927 డిసెంబరులో, ఫ్యాక్టరీ, కార్యాలయము, క్షౌరశాల, నాటకశాల అన్నియు ఒక్క కప్పు క్రింద నుండునట్లు కట్టిన వాకర్ భవనము తెరువబడెను. అది నేటికిని ఆ నగరమున నిలిచియున్నది.