ఎడ్వర్డ్ కాల్విన్ కెండాల్

మెడ ముందుభాగంలో, స్వరపేటికకు దిగువన, సీతాకోకచిలుక ఆకారంలో ఒక చిన్న గ్రంథి ఉంటుంది. దానిని అవటుగ్రంథి అంటారు. వాడుకలో థైరాయిడ్ అన్న పేరే స్థిరపడింది. అది మందగిస్తే ముఖం ఉబ్బుతుంది. చలికి తాళలేని స్థితి ఏర్పడుతుంది. మాటా, ఆలోచనా నెమ్మదిస్తాయి. పుట్టుకతోనే లోపించి, చికిత్స అందకపోతే శిశువుకు బుద్ధి వికసించదు. అది మితిమీరి పనిచేస్తే గుండె దడదడలాడి, దేహం కృశిస్తుంది. ఈ గ్రంథిలో అయోడిన్ ఉన్నదని 1895లో జర్మన్ శాస్త్రజ్ఞుడు యూజెన్ బౌమాన్ కనుగొన్నాడు. ఆ అయోడిన్ ఏ పదార్థంలో ఇమిడి ఉన్నదో మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు. ఆ రహస్యాన్ని ఛేదించడానికి పూనుకొని సఫలుడైనవాడు కెండాల్.

కెండాల్ 1886 మార్చి 8న అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, సౌత్ నార్వాక్ పట్టణంలో జన్మించాడు. కొలంబియా విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం అభ్యసించి 1910లో డాక్టరేట్ పొందాడు. డెట్రాయిట్‌లోని పార్క్ డేవిస్ ఔషధ సంస్థలో చేరగా, అవటుగ్రంథి హార్మోనును వేరుచేసే పని ఆయనకు అప్పగించారు. అక్కడ ఎంతోకాలం నిలువలేదు. 1911లో న్యూయార్క్‌లోని సెయింట్ లూక్స్ ఆసుపత్రికీ, 1914లో రోచెస్టర్‌లోని మేయో క్లినిక్‌కూ మారాడు. కొలువులు మారినా పరిశోధన మారలేదు.

గ్రంథిని క్షారంతో ఉడికించి విచ్ఛిన్నం చేస్తే పలు పదార్థాల మిశ్రమం మిగులుతుంది. అందులో హార్మోను ఏ భాగంలో దాగి ఉన్నదో తెలిసేదెట్లా? కెండాల్ అయోడిన్‌నే ఆనవాలుగా గ్రహించాడు. ప్రతి దశలోనూ దానిని కొలిచి, అయోడిన్ అధికంగా ఉన్న భాగాన్నే ముందుకు తీసుకువెళ్లాడు. కాని అంత స్వల్పమైన అయోడిన్‌ను కొలవడం సామాన్యం కాదు. అందుకు తగిన పద్ధతిని ఆయనే రూపొందించుకున్నాడు. జీవపదార్థాన్ని క్షారంతో కలిపి కరిగించి, అందులోని అయోడిన్‌ను బ్రోమిన్ సహాయంతో అయొడేటుగా మార్చేవాడు. దానికి ఆమ్లమూ, పొటాషియం అయొడైడూ చేర్చితే, మొదట ఉన్న ఒక్కొక్క పరమాణువుకు ఆరేసి అయోడిన్ పరమాణువులు వెలువడతాయి. ఆ విధంగా స్వల్పమైనది కొలతకు అందేది. 1920లో రిచర్డ్‌సన్‌తో కలిసి రక్తంలోని అయోడిన్‌ను నిర్ణయించే పద్ధతిని ప్రకటించాడు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఉండేది కొన్ని మైక్రోగ్రాములే. మైక్రోగ్రామంటే గ్రాములో పదిలక్షలో వంతు!

అంతకుముందే, 1914 డిసెంబరులో, ఒక విచిత్రం జరిగింది. ఆల్కహాలు ద్రావణాన్ని ఆవిరి చేస్తూ కెండాల్ నిద్రలోకి జారుకున్నాడు. మేల్కొనేసరికి ఆల్కహాలంతా ఆవిరై, పాత్రలో తెల్లని పొర మిగిలింది. మరొకరైతే పారబోసేవారేమో! ఆయన అలవాటుగా అందులోని అయోడిన్‌ను కొలిచాడు. అది అసాధారణంగా ఎక్కువగా ఉంది. డిసెంబరు 25న, క్రిస్మస్ నాడు, ఆ పదార్థం నుండి స్ఫటికాలు లభించాయి. అదే థైరాక్సిన్. దాని బరువులో అయోడిన్ పాలు సుమారు 65 శాతం. తరువాతి సంవత్సరాలలో 33 గ్రాముల థైరాక్సిన్ కోసం దాదాపు 3 టన్నుల గ్రంథులను వినియోగించవలసి వచ్చింది.

అయితే కొలతలో నేర్పరియైన కెండాల్ నిర్మాణం విషయంలో పొరబడ్డాడు. థైరాక్సిన్‌ను ఇండోల్ అనే పదార్థపు సంతతిగా భావించి, ఆ పేరునే అందులో ధ్వనింపజేశాడు. 1926లో బ్రిటన్ శాస్త్రజ్ఞుడు ఛార్లెస్ హారింగ్టన్ అసలు నిర్మాణాన్ని నిరూపించాడు. అందులో ఇండోల్ లేదు; పేరు మాత్రం నిలిచిపోయింది.

రక్తంలో ప్రోటీన్లతో బంధింపబడిన అయోడిన్‌ను కొలిచే పరీక్ష 20వ శతాబ్దం మధ్యకాలంలో వైద్యులకు ముఖ్యాధారమైంది. అయోడిన్ గల మందులు, ఎక్స్-రే రంగుద్రవ్యాలు వాడినవారిలో ఫలితం తప్పుదారి పట్టించేది. హార్మోన్లనే నేరుగా కొలిచే పరీక్షలు వచ్చాక అది తెరమరుగైంది.

కెండాల్ అనంతరం అధివృక్క గ్రంథుల హార్మోన్లపై దృష్టి సారించి కార్టిసోన్‌ను వేరుచేశాడు. 1950లో హెంచ్, రైఖ్‌స్టైన్‌లతో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. మేయో క్లినిక్ నుండి విరమించాక ప్రిన్స్‌టన్‌కు చేరి, అక్కడా ప్రయోగశాలను విడువలేదు. 1972 మే 4న, 86వ ఏట మరణించాడు.