యేల్ పేరు ఎవడిది?

యేల్ యూనివర్సిటీలో మనోడికి సీటొచ్చిందంటే విశాఖలో ఫ్లెక్సీ కట్టేస్తారు. ఆ యేల్ ఎవడో తెలుసేటి?

ఎలిహు యేల్ 1649లో బోస్టన్‌లో పుట్టాడు. ప్యూరిటన్లు కట్టుకున్న ఊరది. దేవుడు ఎంచుకున్న జనం తామేనని, ఆ నేల దేవుడిచ్చిందేనని వాళ్ల నమ్మకం. 1637లో మిస్టిక్ కాడ పీక్వాట్ తెగ గూడేన్ని తగలబెట్టి, ఆడోళ్లు పిల్లలతో సహా వందలమందిని చంపి, అది దేవుడి పనే అన్నారు. మరుసటేడు న్యూహేవెన్ ఊరు పెట్టినోళ్లలో యేల్ నాయనమ్మ రెండో పెనిమిటి ఒకడు.

యేల్ మటుకు ఇంగ్లండు చర్చి మనిషి. 1672లో కంపెనీ ఉద్యోగిగా మద్రాసు దిగి, 1687లో గవర్నరయ్యాడు. 1682లో పెట్టిన మన విశాఖ కోఠీ ఆ మద్రాసు కిందదే. కరువుకి కడుపు మాడి అమ్ముడైపోయిన జనం మద్రాసులో ఓడలెక్కుతున్న కాలం. సెయింట్ హెలెనాకి ఓడకి పదేసిమంది బానిసల్ని ఎక్కించమని ఆయన కౌన్సిలే హుకుం వేసింది. సొంత యాపారం మీద ఆరోపణలొచ్చి 1692లో కుర్చీ పోయింది. సొమ్ము పోలేదు.

1718లో బోస్టన్ పాస్టరు కాటన్ మాథర్ ఆయనకి ఉత్తరం రాశాడు. పాస్టర్లని తయారుచేసే కాలేజీకి సాయం చేస్తే ఆయన పేరే పెడతారని ఆశ చూపాడు. బానిసని ఉంచుకున్న పాస్టరే ఆయన, ఈ సొమ్ము ఎక్కడిదని ఎందుకడుగుతాడు? యేల్ 417 పుస్తకాలు, రాజుగారి బొమ్మ, తొమ్మిది మూటల సరుకు పంపాడు. మూటల్లో కాలికో, మస్లిన్ గుడ్డలున్నాయి. అమ్మితే 562 పౌన్లొచ్చాయి. నేసినోళ్ల పేరు ఏ గోడ మీదా లేదు.

1721లో యేల్ పోయాడు. 2024లో యూనివర్సిటీ బానిసత్వంతో తన సంబంధానికి క్షమాపణ చెప్పింది. పేరు మాత్రం అదే.