పూసపాటి విజయరామ గజపతిరాజు

విజయనగర సంస్థాన వారసులగు పూసపాటి విజయరామ గజపతిరాజుగారు 1924లో జన్మించిరి. 1937లో తండ్రి అలక నారాయణ గజపతిగారు గతించిరి. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టముతో జమీందారీ అంతరించెను. సోషలిస్టు భావములుగల రాజుగారు దానికి వగవక, మిగిలిన ఆస్తి వంశమునకు గాక విద్యకు నిలువవలెనని తలచిరి. 1958లో తండ్రి పేర మాన్సాసు ధర్మసంస్థను స్థాపించి, తాతముత్తాతల కోటను, భూములను దానికి ధారపోసిరి.

విద్య యను ఆశయమును స్థిరపఱచి, దాని రూపమును కాలమునకు విడిచిరి. కావుననే 1879 నాటి మహారాజా కళాశాలతో ఆ దానము ఆగక, స్త్రీలకును కళాశాల ఏర్పడెను. 1995లో రాజుగారు పరమపదించిన రెండేండ్లకు, వారి పేరనే ఇంజనీరింగు కళాశాల వెలసెను.

గ్రంథాలయమునకు సెంటు భూమి యిచ్చు దాతకును ఈ చరిత్రము స్మరణీయము.