బైలాడిలా ఎర్రరాయిని గుర్తించిన ప్రమథనాథ్ బోస్

బస్తర్: కిరండూల్ నుంచి కొత్తవలస మీదుగా విశాఖపట్నం రేవుకు చేరే ఎర్రటి ఇనుప ఖనిజం తెలుగువారికి చిరపరిచితమే. దాని పుట్టిల్లు పూర్వపు బస్తర్ సంస్థానంలోని, నేటి దంతెవాడ జిల్లాలోని బైలాడిలా కొండలు. ఎద్దు మూపురాన్ని పోలి ఉన్నందున వాటికి ఆ పేరు వచ్చింది. 19వ శతాబ్దం ముగుస్తున్న వేళ అక్కడి ఇనుప నిల్వలను శాస్త్రీయంగా గుర్తించినవారు ప్రమథనాథ్ బోస్.

1855లో బెంగాల్‌లోని గోబర్‌డాంగా సమీపాన జన్మించిన బోస్, గిల్‌క్రైస్ట్ ఉపకార వేతనంతో 1874లో లండన్ వెళ్లారు. అక్కడ విశ్వవిద్యాలయ పట్టా పొంది, రాయల్ స్కూల్ ఆఫ్ మైన్స్‌లోనూ చదివి, 1880లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో చేరారు. ఆ సంస్థలో ఉన్నత హోదా పొందిన తొలితరం భారతీయులలో ఆయన ఒకరు. తరువాతి కాలంలో భిలాయి ఉక్కుకు ఆధారమైన దల్లీ–రాజహరా నిల్వలను వెలుగులోకి తెచ్చిందీ ఆయనే.

బోస్ బస్తర్‌లో పనిచేసే నాటికి ఎలక్ట్రాన్‌ను కనుగొని రెండు మూడేళ్లే అయింది. రాతిలో ఇనుము ఏ రూపంలో దాగి ఉందన్న ప్రశ్నకు నేడు పాఠశాల విద్యార్థి చెప్పగల సమాధానం అప్పటికి ఎవరివద్దా లేదు. ఇనుప పరమాణువు మూడు ఎలక్ట్రాన్లను కోల్పోయి ధనావేశ అయాను అవుతుంది. ఆక్సిజన్ పరమాణువు రెండింటిని గ్రహించి రుణావేశ అయాను అవుతుంది. ఇచ్చినవీ పుచ్చుకున్నవీ సరిపోవాలంటే రెండు ఇనుప అయాన్లకు మూడు ఆక్సిజన్ అయాన్లు కావాలి. ఆరుకు ఆరు చెల్లు. విరుద్ధ ఆవేశాల ఆకర్షణతో అవి స్ఫటికంగా కూడుకొని హెమటైట్ ఏర్పడుతుంది. ఈ లెక్క ప్రకారమే శుద్ధమైన హెమటైట్‌లో బరువు రీత్యా దాదాపు 70 శాతం ఇనుము ఉంటుంది. బైలాడిలా మేలురకపు ఖనిజం ఆ పరిమితికి ఎంతో దూరంలో లేదు. రెండు వందల కోట్ల ఏళ్లకు పూర్వపు సముద్రాలలో రెండేసి ఎలక్ట్రాన్లను మాత్రమే కోల్పోయిన ఇనుప అయాన్లు నీటిలో కరిగి ఉండేవి. అవి మూడవ ఎలక్ట్రాన్‌నూ కోల్పోయి, నీట కరగని సమ్మేళనాలుగా అడుగున పేరుకోవడంతోనే ఇటువంటి నిక్షేపాలకు పునాది పడింది.

ఆ బంధాన్ని విడదీసే విద్య బస్తర్‌కు బోస్ తెచ్చింది కాదు. అక్కడి ఆదివాసీ కమ్మరులు మట్టికొలిమిలో కట్టెబొగ్గుతో ఖనిజాన్ని కాల్చి ఇనుము తీసేవారు. బొగ్గు నుంచి వెలువడిన వాయువు ఆక్సిజన్‌ను లాగుకొనగా, ఇనుప అయాన్లు పోగొట్టుకున్న ఎలక్ట్రాన్లను తిరిగి పొందుతాయి. అయాను అనే మాట ఎరుగకుండానే వారు సాధించిన ఈ పనిని సర్వే చరిత్రలు అంతగా పట్టించుకోలేదు.

1903లో సర్వేక్షణ సంస్థ అధిపతి పదవి, సేవలో బోస్ కంటే పదేళ్లు వెనుకనున్న థామస్ హాలండ్‌కు దక్కింది. బోస్ పదవీ విరమణ చేసి మయూర్‌భంజ్ సంస్థానంలో చేరారు. అక్కడి గోరుమహిసాని కొండల ఇనుమును గురించి 1904 ఫిబ్రవరి 24న జంషెడ్‌జీ టాటాకు లేఖ రాశారు. 1907లో స్థాపితమైన టాటా ఉక్కు సంస్థకు దారి చూపినది ఆ లేఖే. పదవి నిరాకరించిన ప్రభుత్వానికి ఇంతకుమించిన జవాబు ఉంటుందా? 1906లో కలకత్తాలో ఏర్పడిన బెంగాల్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌కు ఆయన గౌరవ ప్రిన్సిపాల్‌గానూ వ్యవహరించారు. నేటి జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయానికి మూలం ఆ సంస్థే.

గోరుమహిసానికి పట్టిన అదృష్టం బైలాడిలాకు ఆయన జీవితకాలంలో పట్టలేదు. అడవుల నడుమ రైలు లేని ఆ కొండలు 1934లో బోస్ మరణించేనాటికీ అలాగే ఉన్నాయి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ అక్కడ 1968లో తవ్వకాలు ప్రారంభించింది. ఆ ఖనిజం విశాఖ మీదుగా జపాన్‌కు ఎగుమతి అయింది. తరువాత విశాఖ ఉక్కు కర్మాగారానికీ అందింది. బస్తర్ గడ్డమీదనే, జగదల్‌పూర్ సమీపంలోని నగర్‌నార్‌లో ఆ ఖనిజాన్ని కరిగించే భారీ కొలిమి వెలిగింది మాత్రం 2023లో.