సి.కె. నాయుడు - విరమణ ఎరుగని ఆటగాడు



మనలో చాలామందికి 58 ఏళ్లు నిండిన రోజున దండ వేసి, శాలువా కప్పి, ఇంటికి సాగనంపారు. అదే వయసులో ఒక పెద్దమనిషి బ్యాటు పట్టి ఆంధ్ర జట్టు తరఫున రంజీ ట్రోఫీలో దిగారు. ఆంధ్ర రాష్ట్రం అవతరించిన 1953 సంవత్సరమది. రంజీలో మన జట్టుకు అదే తొలి సీజను. ఆ పెద్దమనిషే కల్నల్ సి.కె. నాయుడు.

కొఠారి కనకయ్య నాయుడు 1895 అక్టోబరు 31న నాగపూరులో జన్మించారు. పూర్వీకులది మన రేపల్లెకు కృష్ణ ఆవలి ఒడ్డున ఉన్న బందరు. 1916లో బొంబాయిలో యూరోపియన్ల మీద హిందూ జట్టుకు ఆడి పెద్ద పోటీల్లో అడుగుపెట్టారు. ఆ రోజుల్లో ఇంగ్లండులో ఫుట్‌బాల్, క్రికెట్ ఆటగాళ్లకు క్లబ్బులు జీతాలిచ్చేవి. మన దేశంలో సంస్థానాధీశుల ఆదరణే దిక్కు. 1923లో ఇండోరు హోల్కర్ మహారాజు ఆయనను పిలిపించి తన సైన్యంలో హోదా ఇచ్చారు. ఆ విధంగా ఆయనా మనలాగే కొలువు చేసిన మనిషే.

1926 డిసెంబరులో ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద బొంబాయిలో 153 పరుగులు చేశారు. రెండు గంటల లోపే ముగిసిన ఆ ఆటలో 11 సిక్సర్లున్నాయి. తెల్లవారికి మనవాళ్లు దీటుగా నిలవగలరని దేశానికి నమ్మకం కలిగించిన రోజది.

1932లో ఇంగ్లండు వెళ్లిన మన జట్టుకు పోరుబందరు మహారాజు కెప్టెను, లింబ్డీ రాజకుమారుడు వైస్ కెప్టెను. మొదటి టెస్టు నాటికి మహారాజు తనంతట తాను తప్పుకున్నారు. రాజకుమారుడు గాయపడ్డారు. దాంతో నాయకత్వం నాయుడుగారికి వచ్చింది. రాజవంశీకుడు కాని వ్యక్తి కింద ఆడటం కొందరికి రుచించలేదు. అయినా జూన్ 25న లార్డ్స్ మైదానంలో భారతదేశపు తొలి టెస్టుకు ఆయనే కెప్టెనుగా నిలిచారు. చేతికి దెబ్బ తగిలినా 40 పరుగులు చేశారు. మ్యాచ్ ఓడినా ఆ ఏటి ఆటకు 1933 విజ్డెన్ సంచిక ఆయనను అయిదుగురు ఉత్తమ క్రికెటర్లలో ఒకరిగా ఎంచింది.

1936 ఇంగ్లండు పర్యటనలో కెప్టెన్సీ విజయనగరం మహారాజకుమారుడికి దక్కింది. ఆటలో అనుభవం కన్నా హోదాకే పీట వేశారు. ఆ పదవి పోయినందుకు నాయుడుగారు జట్టును విడిచి రాలేదు. మూడు టెస్టులూ ఆడారు. ఓవల్‌లో ఆడిన చివరి టెస్టులో, ఫాస్ట్ బౌలర్ బంతి ఒంటికి బలంగా తగిలినా నిలబడి 81 పరుగులు చేశారు. మొత్తం ఆయన ఆడిన టెస్టులు ఏడే. మంచి వయసులో దేశానికి టెస్టులే లేవు మరి!

టెస్టులు ముగిసినా ఆట ముగియలేదు. హోల్కర్ జట్టును రంజీ విజేతగా నిలిపారు. 50 దాటాక 200 పరుగులు కొట్టారు. 61వ ఏట, 1956-57లో ఉత్తరప్రదేశ్ తరఫున చివరిసారి రంజీ ఆడారు. 1956లో పద్మభూషణ్ అందుకున్నారు. 1967 నవంబరు 14న ఇండోరులో కన్నుమూశారు.

మన నగరం చుట్టుపక్కల పల్లెల్లో సాయంత్రాలు క్రికెట్ ఆడే మనవళ్లకు ఈ కథ చెప్పండి. కుర్చీ పోయినా పని మానని మనిషి కథ మనకూ పనికివస్తుంది.